అడుగు గుక్క

అప్ప పోయాక ఇది ఆరో సోమవారం. మూడు గంటలకు తలుపు వైపు చూడకూడదని అనుకుంటాను. చూస్తాను. ఆమె ఎప్పుడూ తలుపు తట్టేది కాదు. తాళంచెవితో ఇనపగేటు మీద రెండుసార్లు టకటకలాడించి, "సెల్లీ, కప్పులు కడిగినావా?" అని అడిగేది. నేను రెండున్నరకే వాటిని కడిగి, గుడ్డ మీద బోర్లించి ఉంచుతానని ఆమెకు తెలుసు. అయినా అడగడం మానలేదు. యాభై ఎనిమిది సార్లు అడిగింది.

ఆమె నాకు చుట్టం కాదు. జార్జ్ టౌన్‌లో ఒకే ఫ్లాట్ల భవనంలో ఉండేవాళ్ళం, ఆమె ఐదో అంతస్తులో, నేను తొమ్మిదిలో. నాకంటే రెండేళ్ళ నాలుగు నెలలు పెద్దది కాబట్టి అప్ప. ఇద్దరివీ తాతల కాలంలో ఓడెక్కి ఈ దేశం వచ్చి, రబ్బరు తోటల్లో బతికిన కుటుంబాలే. మా నాన్న తోట బడిలో తెలుగు చెప్పేవాడు కాబట్టి నాకు రాత అబ్బిందనీ, వాళ్ళ నాన్న కొబ్బరిచెట్లెక్కి కల్లు గీసేవాడు కాబట్టి తనకు నాలుక అబ్బిందనీ ఆమె అనేది. నేను బడి ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఆమె రిటైరవలేదు. డెబ్బై దాటాక కూడా ఊళ్ళో ఒక జపాను హోటల్లో గిన్నెలు తోమింది.

ఆ హోటల్లో సాకే పోసేవారు. బియ్యంతో చేసే మద్యం. సీసా తెరిచిన కొన్నాళ్ళకి దాని రుచి తగ్గిపోతుందట. అలా అడుగున మిగిలిపోయిన వాటిని వంటాయన అప్పకు ఇచ్చేవాడు. సోమవారం హోటలుకు సెలవు. ఆమె ఆ మిగులును చిన్న సీసాలో పోసుకుని నా దగ్గరకు వచ్చేది.

"ఒక్కదాన్నే తాగితే తాగుబోతంటారు సెల్లీ. నువ్వు పుస్తకం ఒట్టుకుని ఎదర కూచున్నావనుకో, పరీక్ష అంటారు."

నాకు అరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఏ మద్యమూ ముట్టలేదు. ముట్టాల్సి వస్తే పద్ధతిగా ముట్టాలనుకున్నాను. దగ్గు మందుతో వచ్చిన కొలత మూతతో మనిషికి ముప్పై మిల్లీలీటర్లు, అంతకంటే చుక్క ఎక్కువ కాదు. పొడుగు పుస్తకంలో గడులు గీశాను. తేదీ, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, రంగు, చల్లనా వెచ్చనా, తీపికి అయిదులో ఎన్ని, పులుపుకి అయిదులో ఎన్ని, అప్ప మాట. సీసా మీది అక్షరాలు నాకు చదవడం రాదు కాబట్టి, ఆమె అట్టముక్క మీద గీసి తెచ్చిన బొమ్మను అలాగే ఎక్కించేదాన్ని. చిట్టచివరి గడి పేరు "కుండీ". దాని సంగతి చెబుతాను.

మొదటి సోమవారం ఆమె ఊరగాయ సీసాలో పోసుకొచ్చింది. మూడుసార్లు కడిగానంది. నేను వాసన చూసి "మామిడి" అని రాశాను. "కొంచెం ఆవపిండి" అని కూడా రాశాను. అప్ప కప్పును వాసన చూసేది కాదు. ఎడమ అరచేతితో దాన్ని ఒక నిమిషం మూసి, ఆ అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకునేది. కుడిచెయ్యి ముప్పై ఏళ్ళుగా సబ్బు వాసనేననీ, దాన్ని నమ్మడానికి లేదనీ అనేది. ఆ రోజు అరచెయ్యి వాసన చూసి తల పంకించింది.

"మామిడే. ఎంత తెలివైనోళ్ళు లా ఈ జపానోళ్ళు. అన్నంలోంచి మామిడి తీసినారు."

మాట మధ్య ఆ "లా" ఇక్కడ అందరికీ ఊతపదమే. మర్నాడు మామిడి సంగతి వంటాయనకు చెప్పింది. పాపం అతను జపానులో మూడేళ్ళు పని నేర్చుకుని వచ్చిన చైనీయుడు, గిన్నెలు తోమే ముసలమ్మ పట్టుకున్న వాసన తనకెందుకు అందలేదోనని వారమంతా ఆ రకాన్ని పదే పదే వాసన చూశాడట. రెండో సోమవారం అప్ప గేటు దగ్గర్నుంచే చెప్పింది.

"సెల్లీ, ఒకటో వరస కొట్టీ. మామిడి మనదే."

నేను కొట్టెయ్యలేదు. రాసింది కొట్టెయ్యడం నాకు అలవాటు లేదు. పక్కన "సీసా తప్పు" అని రాశాను. అప్పటినుంచి ఆమె దగ్గు మందు సీసాలు ఉడకబెట్టి వాడింది.

మా వంటింటి బల్ల దగ్గర కూచుంటే కిటికీలోంచి జలసంధి కనిపిస్తుంది. మూడు గంటల వేళ ఎండ నీళ్ళ మీద పడి, అవతలి ఒడ్డు ఉందో లేదో తెలియకుండా కరిగిపోతుంది. ఫెర్రీ ఒకటి ఇటునుంచి బయలుదేరుతుంది, ఒకటి అటునుంచి. మధ్యలో అవి ఎదురుపడే చోట రెండూ ఆగిపోయినట్టు ఉంటాయి. నేను గడియారం చూసి మరీ చెబుతున్నాను, అవి ఆగవు. కానీ ఆ కప్పులో సగం అయ్యేసరికి ఆగినట్టే ఉండేవి. గోడమీది వెలుగు నీళ్ళ నుంచి వచ్చి కదులుతూ ఉండేది. మాట్లాడేది అప్పో, ఆమె లోపల ఎవరో, తెలిసేది కాదు. కళ్ళలో ఒకటి మూసుకుని, రెండోదానితో ఫ్యాను కేసి చూస్తూ, బుగ్గలో సాకే పట్టుకుని వినేది. అవును, వినడమే అది. తర్వాత మింగి, ఒక మాట చెప్పేది. నేను రాసుకునేదాన్ని.

నాలుగోది చాలా ఖరీదైనదట, బియ్యాన్ని సగానికి పైగా అరగదీసి చేసేదట. పువ్వుల వాసన గుప్పుమంది. నేను తీపి మూడు వేశాను. అప్ప చెప్పింది: "పెళ్ళికెళ్ళి, పన్నీరు జల్లించుకుని, బోయినం సెయ్యకుండా వచ్చినట్టుంది." అంతవరకూ బాగానే ఉంది. అరగదీస్తారన్న మాట ఆమె మనసులో పడింది.

"సగం బియ్యం అరగదీస్తారా? ఆ పొడి ఏటి సేస్తారు?"

"నాకేం తెలుసు అప్పా."

"పారబోస్తారా? అంత బియ్యం?"

"వంటాయన్ని అడుగు."

"రాసుకో. ఒచ్చే వారం సెప్తాను."

రాసుకున్నాను. అయిదో వరసలో, సాకే సంగతి కంటే ముందు, ఆమె తెచ్చిన జవాబు ఉంది: "పొడితో బిస్కెట్లు సేస్తారంట." ఆ మాట చెప్పాకే కుర్చీలో వెనక్కి వాలింది.

పదిహేడోది తీపి బొత్తిగా లేనిది. గొంతులో గీత గీసినట్టు దిగి మాయమైంది. "ఇది మా తోటలో పాత కంగాణీ లాగుంది. పలకరిస్తాడు, నవ్వడు" అంది. కంగాణీ అంటే కూలీల మీద మేస్త్రీ. ఇరవై తొమ్మిదోది ఏళ్ళ తరబడి నిలవ ఉంచినది, తేనె రంగు. పాత చింతపండు, కాగిన బెల్లం, ఎవరో మూసి మర్చిపోయిన పెట్టె. నురగ వచ్చేది ఒకటి తెచ్చినప్పుడు ముక్కులోకి ఎక్కి ఇద్దరం నవ్వాం, ఆ వరసలో నా చేతిరాత వంకర పోయింది. ముప్పై ఆరోదాన్ని వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి వెచ్చబెట్టాం. దానికి ఆమె చెప్పిన మాటలు పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువ, ఇరవై మూడు. వాన వెలిశాక రబ్బరు తోటలో ఆకులు కుళ్ళే వాసన గురించి, తడిసిన గోనెసంచి కప్పుకుని నడవడం గురించి.

ఇన్ని చెప్పిన మనిషి ఒక్కసారి కూడా బాగుందనో బాగోలేదనో అనలేదు. నేను అడిగాను.

"బాగుందంటే అదే మళ్ళీ తేవాలనిపిస్తాది. మిగిలినవి ఎవలు తాగుతారు?" అంది.

ఇక కుండీ. ఏది తాగినా అడుగు గుక్క నేలదని ఆమె నాన్న నేర్పాడట. నీళ్ళయినా సరే, కాఫీ అయినా సరే. తొమ్మిదో అంతస్తులో నేలెక్కడిది? కిటికీ గట్టు మీద నా కరివేపాకు కుండీ ఉంది. కప్పులో చివరి గుక్క ఉండగా లేచి, నాలుగు అడుగులు వేసి, కుండీలో పోసి, కప్పు అంచును వేలితో తుడిచి వచ్చి కూచునేది. ఆమె పొయ్యడం చూశాకే నేను గడిలో టిక్కు పెట్టేదాన్ని. మొక్క ఆ కాలంలో పదకొండు అంగుళాలు పెరిగింది. సాకే వల్లో కాదో చెప్పలేను.

ఇరవై మూడో సోమవారం ఆమె టిక్కు పడ్డాక కూడా కిటికీ దగ్గరే నిలబడిపోయింది.

"మా అయ్య పోయినప్పుడు నాకు పన్నెండేళ్ళు" అంది నీళ్ళ కేసి చూస్తూ. "పదహారో దినం అరిటాకు మీద ఏటి పెట్టినారో తెల్సా? కల్లు. ముంత నిండా. చెట్టెక్కేవోడు కదా, అదే ఇష్టమనుకున్నారు."

"కాదా?"

"పొద్దంతా ఆ వాసనలో ఉన్నోడు సెల్లీ. పులిసిందో నేదో సూసి ఉమ్మీసేవోడు. ఆయనకిష్టం డబ్బాపాలు పోసిన కాఫీ. నాకు తెల్సు. సిన్న గుంటని కదా, నన్నెవలు అడుగుతారు?"

ఫెర్రీలు రెండూ మధ్యకు వచ్చి ఆగినట్టున్నాయి.

"ఆకు దాకా ఒచ్చి, ముంత సూసి, ఏటీ అనకుండా ఎనక్కి ఎల్లిపోయినట్టు ఇప్పటికీ కల్లోకి ఒస్తాడు. నాకు మాత్రం అలాగ సెయ్యకండి."

"అయితే నీకేది ఇష్టమో చెప్పు. ఇప్పుడే రాసేస్తాను."

"అన్నీ రాస్తున్నావు కదా. నువ్వే సూడు."

మాట తీసుకున్నట్టే అయింది. నేను ఊ అన్నాను కూడా.

ఆమె ఒక బుధవారం ఉదయం, పనికి వెళ్ళే బస్సు కోసం బెంచీ మీద కూచుని, కూచున్నట్టే పోయింది. పక్కన కూచున్నావిడ బస్సు వచ్చిందని భుజం తట్టిందట. పదకొండో రోజున అప్ప కొడుకు మెట్లెక్కి నా దగ్గరకు వచ్చాడు. బంటింగ్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీలో పని చేస్తాడు, నలభై ఎనిమిదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడ్డానికి వెతుక్కుంటాడు. నన్ను సిన్నమ్మా అంటాడు.

"సిన్నమ్మా, అమ్మకి ఏటి ఇష్టం? ఆకు మీద పెట్టాల. మామ స్టౌట్ పెట్టమన్నాడు. అందరూ అదే పెడతారు లా."

"మీ అమ్మ ఆ నల్ల బీరు ఏనాడూ ముట్టలేదు."

"అదే కదా. నేను కొడుకుని. నాకు తెలీదు." చెప్పుల కేసి చూసుకున్నాడు. "సిగ్గుగా ఉంది సిన్నమ్మా."

పుస్తకంలో ఉంటుంది, అయిదు రోజులు ఉంది, నేను చెబుతానని పంపించాను. అంత ధైర్యంగా ఎందుకు అన్నానో తెలియదు. ఆ మధ్యాహ్నం నుంచి మూడు రోజులు పుస్తకం తప్ప ఏదీ చూడలేదు. ఎక్కువ మాటలు చెప్పింది ఏది? ముప్పై ఆరు. నవ్వింది దేనికి? నురగదానికి. ఎక్కువసేపు కూచున్నది? ఇరవై తొమ్మిదోదానికి, యాభై రెండు నిమిషాలు, కానీ ఆ రోజు లిఫ్టు పాడైంది. ఒక్కో లెక్కకు ఒక్కో జవాబు వచ్చింది. మూడో రోజుకి ముప్పై ఆరునే ఖాయం చేసుకున్నాను. అన్ని మాటలు ఊరికే రావు కదా అనుకున్నాను. పుస్తకం మూసే ముందు అలవాటుగా వేలుపెట్టి చివరి గడిని పైనుంచి కిందికి సరిచూశాను. యాభై ఎనిమిది వరసలు. టిక్కులు యాభై ఏడు.

నలభై ఒకటో వరసలో టిక్కు లేదు.

ఆ వరస నాకు తెలుసు. దాన్ని చూసినప్పుడల్లా చిన్నతనంగా ఉండేది, టిక్కు పెట్టకుండా వదిలేశానని. వరస మొత్తం బీదగా ఉంది. "తెలుపు, మసక. అడుగున మడ్డి. చల్లన. తీపి రెండు, పులుపు నాలుగు. మూడు పదికి మొదలు, మూడు ఇరవై అయిదుకు ముగింపు." అప్ప మాట అన్న చోట: "ఏమీ అనలేదు." పుస్తకం మొత్తంలో ఆమె ఏమీ అనని రోజు అదొక్కటే. నచ్చలేదని నేను అప్పుడే తీర్మానించుకున్నాను.

కళ్ళు మూసుకుంటే ఆ మధ్యాహ్నం మెల్లగా వచ్చింది. అప్ప సీసాను ఒకసారి తలకిందులు చేసింది, మడ్డి లేచి పాలలా అయింది. అరచేతితో కప్పు మూసింది. ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని తియ్యలేదు. అవతలి ఒడ్డు మీదనుంచి వాన బయలుదేరి జలసంధి దాటి వస్తోంది. మొదట ఒక ఫెర్రీ మాయమైంది, తర్వాత రెండోది. జల్లు లోపలికి కొడుతుందని నేను లేచి కిటికీ మూశాను. మూసి అక్కడే నిలబడి, తెల్లగా అయిపోయిన నీళ్ళ కేసి చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపో. తిరిగి వచ్చేసరికి కప్పు ఖాళీగా ఉంది. నేను చూడకుండా పోసి వచ్చిందనుకున్నాను. చూడలేదు కాబట్టి టిక్కు పెట్టలేదు.

కానీ నేను నిలబడ్డది ఆ కిటికీ దగ్గరే. కుండీ ఉన్నది ఆ కిటికీ గట్టు మీదే. నా మోచెయ్యి దానికి తగులుతోంది. నన్ను తప్పించుకుని ఎవరూ అందులో ఏదీ పొయ్యలేరు.

అప్ప పొయ్యలేదు. నాన్న నేర్పినది అరవై ఏళ్ళలో ఒక్కరోజు మర్చిపోయి, అడుగు గుక్క కూడా తనే తాగేసింది.

మర్నాడు పుస్తకం సంచిలో పెట్టుకుని హోటలుకు వెళ్ళాను. వంటాయన మధ్యాహ్నం పని ముగించి, వెనక గుమ్మంలో కూచుని ఉన్నాడు. నలభై ఒకటో వరసలో బొమ్మ చూపించాను, రెండు కొండలూ పక్కన ఒక నిచ్చెనా. అతను పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, గుర్తుపట్టి తల ఊపాడు.

"ఇది ఎవరూ అడగరు లా, ఆంటీ. అడుగున మడ్డి చూసి పాడైందనుకుంటారు." లోపలికి వెళ్ళి ఒక సీసా తెచ్చి, రెండు చేతులతో ఇచ్చాడు. తర్వాత, "ఆమె మామిడి అన్నది గుర్తుందా మీకు?" అన్నాడు.

"రాసి ఉంది" అన్నాను.

"నేను ఇప్పటికీ వెతుకుతున్నాను."

నిజం చెప్పేద్దామనుకున్నాను. అప్ప చెప్పలేదంటే దానికేదో కారణం ఉంటుంది. పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాను.

పదహారో రోజు కింద ఐదో అంతస్తులో, ఫోటో ముందు అరిటాకు వేశారు. అన్నం, చేప పులుసు, వడలు, అరటిపండు. కప్పు నాదే పెట్టాను, అంటే ఆమెదే, అంచు మీద నీలం గీత ఉన్నది. సీసాను ఒకసారి మెల్లగా తలకిందులు చెయ్యాలని కొడుక్కి చూపించాను. అతను చేశాడు. మూత తీసి, ఆగిపోయి, సీసాను ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు.

"సిన్నమ్మా."

"ఊఁ."

"మా పాత ఇంట్లో మూలని కుండ ఉండేది. పొద్దున్నే అమ్మ అందులోంచి పుల్లటి నీళ్ళు పోసేది, ఉప్పేసి. స్కూలుకెళ్ళే ముందర." కళ్ళు ఎత్తలేదు. "దాని పేరు పోయింది."

"తరవాణి" అన్నాను. అన్నంలో గంజి పోసి, రోజూ కలుపుతూ పులియబెట్టే ఆ కుండ మా ఇంట్లోనూ ఉండేది. నాకా వాసన నలభై ఒకటో వరస రాసేటప్పుడు తట్టలేదు. పులుపు నాలుగు వేసి ఊరుకున్నాను.

"తరవాణి" అన్నాడు. మళ్ళీ ఒకసారి, లోపల్లోపల అనుకున్నట్టు అన్నాడు.

వెనకనుంచి వాళ్ళ మామ, స్టౌట్ అన్నాయన, మెడ చాచి చూసి తృప్తిగా చెప్పాడు. "కల్లా? మంచిదే. తోట పిల్ల కదా."

"కల్లు కాదు" అన్నాను. నా గొంతు గదిలో అందరికీ వినపడేంత గట్టిగా వచ్చింది. "ఆవిడకి ఇష్టమైనదే పెట్టాం."

"మరేటిది?"

"నలభై ఒకటోది."

ఆయనకేమీ అర్థం కాలేదు. కొడుకు కప్పు అంచుదాకా పోసి, దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని నా వైపు తిరిగాడు. వాళ్ళమ్మ పద్ధతి అతనికి బాగా తెలుసు, చిన్నప్పటినుంచి చూసినవాడు.

"సిన్నమ్మా, నేలకి కొంచెం తియ్యాలా?"

"వద్దు" అన్నాను. "మొత్తం అమ్మకే పెట్టు."

చుక్క ఒలకకుండా పెట్టాడు.